జర్మనీ స్టూడెంట్ వీసా: అసలు ఎంత చేతిలో పెట్టుకుని దిగాలి?

ఉప్పల్‌వాసి | 2025 జులై 5, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ సీటు వచ్చింది. క్లాసులు అక్టోబర్‌లో. మావారు నాచారంలో ఒక కంపెనీలో చేసి రిటైరయ్యారు. పీఎఫ్ డబ్బు మూడు ఎఫ్‌డీల్లో ఉంది. నా పేరు మీద ఒక చిట్టీ నడుస్తోంది, ఇంకా ఎత్తలేదు. కొంచెం బంగారం ఉంది గానీ దాని జోలికి వెళ్లకూడదని మా ఇద్దరి పట్టుదల.

వీసాకు ఎంతవుతుందని అడిగితే ఒకాయన ఏడున్నర వేలన్నారు. మా ఆడపడుచు పదిహేను లక్షలంది. కన్సల్టెన్సీ వాళ్లు ఒక కాగితం ఇచ్చారు. అందులో వీసా ఫీజు, బ్లాక్డ్ అకౌంట్, ఇన్సూరెన్స్, అపోస్టిల్ (సర్టిఫికెట్లు అసలువేనని ప్రభుత్వం వేసే ముద్ర) ప్యాకేజీ, జర్మన్ ట్రాన్స్‌లేషన్, ఫైల్ చార్జీ, మిసెలేనియస్ అని వరుసగా రాసి, కింద మొత్తం వేశారు. అది చూసి మావారికి ఆ రాత్రి నిద్ర లేదు. ఐఈఎల్‌టీఎస్, యూని అసిస్ట్ (యూనివర్సిటీ దరఖాస్తులు చూసే సంస్థ), ఏపీఎస్ (మన సర్టిఫికెట్ల తనిఖీ) ఖర్చులు అయిపోయాయి. ఇక ముందు అయ్యేవి ఏమిటో, ఏది ఎప్పుడు కట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి. లెక్క తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

---

ఎల్బే_ఒడ్డు | 2025 జులై 5, ఉదయం 11:03

ఆంటీ, నేను మాగ్డెబర్గ్‌లోనే ఉన్నాను, రెండో సంవత్సరం. మీకు చెప్పిన ఇద్దరి మాటా నిజమే. లాంగ్ స్టే వీసా ఫీజు 75 యూరోలు. యూరో ఇప్పుడు నూరు రూపాయలు దాటింది కాబట్టి ఏడున్నర వేల పైచిలుకు. దరఖాస్తు కేంద్రం వాళ్ల సర్వీస్ చార్జీ దానికి అదనం.

పదిహేను లక్షల మాట ఎక్కడి నుంచి వచ్చిందంటే బ్లాక్డ్ అకౌంట్ నుంచి. నెలకు 992 యూరోల చొప్పున ఏడాదికి 11,904 యూరోలు ముందే జమ చేసి చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఇదే మొత్తం. అయితే అది ఎవరికో కట్టేసే డబ్బు కాదు, అమ్మాయి పేరు మీదే ఉంటుంది. ఇక్కడికి వచ్చాక నెలనెలా 992 చొప్పున తన చేతికే వస్తుంది. అద్దె, తిండి, ఇన్సూరెన్స్ అన్నీ అందులోంచే. అంటే మీరు మొదటి ఏడాది ఖర్చులు ముందుగానే పంపేస్తున్నారన్నమాట.

అందుకని కాగితం మీద మూడు గళ్లు గీయండి. మళ్లీ రాకుండా పోయే డబ్బు ఒక గడిలో, అమ్మాయి చేతికి తిరిగి వచ్చే డబ్బు రెండో గడిలో, కొన్నాళ్లకు మీకే తిరిగి వచ్చే డబ్బు మూడో గడిలో. అన్నిటినీ కలిపి ఒకే మొత్తంగా చూస్తే ఎవరికైనా గుండె ఆగుతుంది.

---

మియాపూర్_మెట్రో | 2025 జులై 5, మధ్యాహ్నం 12:20

ఆ మిసెలేనియస్ గడిలో ఎంత రాశారమ్మా?

---

ఉప్పల్‌వాసి | 2025 జులై 5, మధ్యాహ్నం 12:41

నలభై వేలు.

---

మియాపూర్_మెట్రో | 2025 జులై 5, మధ్యాహ్నం 12:44

పెళ్లి క్యాటరింగ్ బిల్లులో కూడా ఇంత ధైర్యంగా రాయరు.

---

అమీర్‌పేట_మాజీ | 2025 జులై 5, మధ్యాహ్నం 2:15

అమ్మా, నేను కొంతకాలం ఒక కన్సల్టెన్సీలో ఫైలింగ్ చేసినవాణ్ని. ఊరు, పేరు వద్దు. మీ కాగితంలో రెండు గళ్లను ఇప్పుడే కొట్టేయండి.

మొదటిది అపోస్టిల్. మన దేశం అపోస్టిల్ ఒప్పందంలో చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది. అందువల్ల ఇక్కడ వేయించిన అపోస్టిల్ ముద్రకు జర్మనీ వాళ్ల దగ్గర విలువ లేదు. ఇటలీకో ఇంకో దేశానికో వెళ్లే పిల్లల ఫైల్లో అవసరం పడవచ్చు. అదే ప్యాకేజీని జర్మనీ వాళ్లకూ అంటగడతారు. సెక్రటేరియట్‌లో ఒక ముద్ర, ఢిల్లీలో ఒక ముద్ర, కొరియర్, ఏజెంటు కమీషన్ కలిపి ఒక్కో సర్టిఫికెట్‌కు వేలల్లో తేలుతుంది. జర్మనీకి మన డిగ్రీ అసలుదేనని తేల్చే పని ఏపీఎస్ చేసేసింది. 2022 నవంబర్ నుంచి అది తప్పనిసరి చేసింది అందుకే. ఆ పద్దెనిమిది వేలు మీరు కట్టేశారు కూడా.

రెండోది ట్రాన్స్‌లేషన్. మీ అమ్మాయి మెమోలు, డిగ్రీ అన్నీ ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కదా. ఇంగ్లిష్‌లో ఉన్న కాగితాలను వీసాకు అలాగే తీసుకుంటారు. తెలుగులోనో ఉర్దూలోనో మాత్రమే ఉన్న సర్టిఫికెట్ ఏదైనా ఉంటే అప్పుడు దాని సంగతి చూసుకోవచ్చు.

ఫైల్ చార్జీ మీ ఇష్టం. ఈ ఏడాది జనవరి నుంచి జర్మనీ లాంగ్ స్టే దరఖాస్తు వాళ్ల సొంత పోర్టల్‌లోనే నింపి కాగితాలు అప్‌లోడ్ చేయవచ్చు. ఏపీఎస్, యూని అసిస్ట్ సొంతంగా చేసుకున్న అమ్మాయికి ఇది పెద్ద పనేం కాదు.

---

ఉప్పల్‌వాసి | 2025 జులై 5, సాయంత్రం 6:30

బాబూ, ఆ రెండు గళ్లకే యాభై రెండు వేలు రాశారు! మావారికి చదివి వినిపించాను. కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తానని లేచారు, నేనే ఆపాను. ముందు అన్నీ తెలుసుకుందాం, తర్వాత ఒకేసారి మాట్లాడదాం అన్నాను.

---

పాతలెడ్జర్ | 2025 జులై 5, రాత్రి 8:05

నేను బ్యాంకులో ఫారెక్స్ డెస్క్ మీద పనిచేసి రిటైరయ్యాను. 11,904ను నూరుతో హెచ్చించి పన్నెండు లక్షల లోపే అనుకుంటున్నారేమో, అక్కడ ఒక మాట.

గూగుల్‌లో కనిపించే రేటు మీకు దొరికే రేటు కాదు. బ్యాంకు తన మార్జిన్ కలుపుకుని అమ్ముతుంది. యూరో మీద రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటే 11,904 యూరోలకు 23,808 రూపాయలు అదనం. ఇది ఏ రసీదులోనూ చార్జీ అని రాసి ఉండదు, రేటులోనే కలిసిపోతుంది. జనం మాత్రం వెయ్యి రూపాయల వైర్ చార్జీ గురించి కౌంటర్ దగ్గర కొట్లాడతారు, రేటు అడగరు! మీ బ్యాంకునూ, ఇంకో రెండు చోట్లనూ ఒకే రోజు, ఒకే గంటలో అడగండి. "టీటీ సెల్లింగ్ రేటు ఎంత" అని అడగాలి, అంటే విదేశానికి పంపడానికి బ్యాంకు మీకు యూరో అమ్మే రేటు. ఎఫ్‌డీలున్న పాత కస్టమర్లయితే బ్రాంచి మేనేజరు చెప్పి కొంత తగ్గించగలరు. అడగనిదే మాత్రం తగ్గించరు.

కరెన్సీ మార్పిడి మీద జీఎస్‌టీ ఉంటుంది గానీ దానికి భయపడకండి. మొత్తం మీద పద్దెనిమిది శాతం అని కొందరు పుకారు పుట్టిస్తారు. పది లక్షలు దాటిన మార్పిడికి పన్ను లెక్కించే విలువ 5,500 రూపాయలు, పది లక్షల పైన ఉన్నదాని మీద 0.1 శాతం. ఆ చిన్న మొత్తం మీద పద్దెనిమిది శాతం. యూరో 102 చొప్పున మీ మొత్తం 12,14,208 రూపాయలు అనుకుంటే జీఎస్‌టీ వెయ్యీ ముప్పై లోపే.

ఇంకోటి, చాలా ముఖ్యం. పంపేటప్పుడు ఫారంలో విదేశీ బ్యాంకు చార్జీలు ఎవరు భరిస్తారని ఒక గడి ఉంటుంది. "అన్ని చార్జీలూ పంపేవారివే" అన్నదానికి టిక్ పెట్టండి. లేకపోతే మధ్యలో ఉన్న బ్యాంకు తన కోత తాను కోసుకుంటుంది, అటువైపు తక్కువ చేరుతుంది.

---

ఎల్బే_ఒడ్డు | 2025 జులై 5, రాత్రి 9:17

పెద్దాయన చెప్పింది మా రూమ్మేట్‌కు అచ్చంగా జరిగింది. వాళ్ల బ్యాంకు ఆ గడి గురించి అడగనే లేదు, తనే ఏదో టిక్ పెట్టేసింది. అకౌంట్‌లో 27 యూరోలు తక్కువ పడింది. పూర్తి మొత్తం లేనిదే కన్ఫర్మేషన్ లెటర్ ఇవ్వరు. ఆ 27 యూరోలు మళ్లీ పంపడానికి ఇంకో వైర్ చార్జీ, ఇంకో ఫారం, బ్రాంచికి ఇంకో రౌండు. వాడి అపాయింట్‌మెంట్ దగ్గర పడుతుంటే వాళ్ల నాన్న బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఫోన్లో అరిచారట.

బ్లాక్డ్ అకౌంట్ తెరిచే కంపెనీకి ఓపెనింగ్ ఫీజు, కొన్నిటికి నెలవారీ ఫీజు ఉంటాయి. వాటిని 11,904కు కలిపి పంపాలి. ఎంత కలపాలో వాళ్లే మెయిల్‌లో మొత్తం రాసి పంపిస్తారు. దాని మీద ఇంకో యాభై యూరోలు వేసి పంపండి. ఎక్కువైనది ఎక్కడికీ పోదు, అమ్మాయి ఖాతాలోనే ఉంటుంది.

---

ఆడిటర్_ఆఫీస్ | 2025 జులై 6, ఉదయం 7:50

మూడో గడి గురించి నేను రాస్తాను: డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను, టీసీఎస్.

విదేశాలకు పంపే డబ్బు ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక పాన్ మీద పది లక్షలు దాటితే, దాటిన భాగం మీద బ్యాంకు టీసీఎస్ వసూలు చేస్తుంది. 2025 ఏప్రిల్ 1కి ముందు ఈ హద్దు ఏడు లక్షలుండేది. 2025-26 ఆర్థిక సంవత్సరంలో చదువు కోసం సొంత డబ్బు పంపితే 5 శాతం. మీ లెక్కలో 12,14,208 లోంచి పది లక్షలు తీసేస్తే 2,14,208. దాని మీద 10,710 రూపాయలు.

ఇది ఖర్చు కాదు, మీ పాన్ మీద ముందుగా జమ అయిన పన్ను. రిటర్న్ వేసినప్పుడు కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది, పన్నే లేకపోతే రీఫండ్ వస్తుంది. కానీ జులైలో పంపిన డబ్బు తాలూకు రిటర్న్ వచ్చే ఏడాదే వేస్తారు. అప్పటిదాకా ఆ పదివేలు మీవి కావు. బడ్జెట్‌లో అలాగే రాసుకోండి.

అసలు కట్టకుండా చేసే దారి కూడా చట్టంలోనే ఉంది. హద్దు ఒక్కో పాన్‌కు విడివిడిగా. సార్ ఖాతా నుంచి ఏడు లక్షలు, మీ ఖాతా నుంచి మిగతాది పంపితే ఇద్దరికీ పది దాటదు. ఒక్క షరతు: ఆ ఏడాది ఇద్దరూ ఏ బ్యాంకు నుంచి పంపినా, ఫారెక్స్ కార్డులో వేసినా అన్నీ కలిపి లెక్క. బ్లాక్డ్ అకౌంట్‌కు పంపి, తర్వాత సెమిస్టర్ ఫీజు, కార్డు లోడింగ్ అంటూ పోతే మెల్లగా హద్దు దాటుతారు. ఎవరి పాన్ మీద ఎంత వెళ్లిందో ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి.

బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ డబ్బు పంపితే ఈ ఏప్రిల్ నుంచి టీసీఎస్ అసలు లేదు.

---

బోడుప్పల్_బ్రో | 2025 జులై 6, ఉదయం 9:30

ఇంత తలనొప్పి ఎందుకు? నాకు తెలిసినవాళ్లున్నారు. మన ఖాతాలో డబ్బు వేసి ఉంచుతారు, వీసా వచ్చాక తీసేసుకుంటారు. రెండు శాతం. మా కజిన్ యూకే అట్లనే పోయిండు.

---

దిల్‌సుఖ్‌నగర్_నాన్న | 2025 జులై 6, ఉదయం 10:08

తమ్ముడూ, ఆ సలహా ఇక్కడ ఇవ్వకు. మా అబ్బాయిని యూకేకు పంపినవాణ్ని, చెబుతున్నాను.

యూకేకు బ్లాక్డ్ అకౌంట్ ఉండదు. డబ్బు మన ఖాతాలోనే 28 రోజులు వరుసగా తగ్గకుండా ఉండాలి. 2025 జనవరిలో మారిన లెక్కలో లండన్ బయట అయితే నెలకు 1,136 పౌండ్లు, తొమ్మిది నెలలకు 10,224గా ఉండేది. ఇంకా కట్టని ట్యూషన్ ఫీజు ఉంటే అది కూడా కలపాలి. ఇరవై ఏడో రోజున ఎవరికో జీపే చేసి బ్యాలెన్సు కాస్త తగ్గినా లెక్క మొదటికి వస్తుంది. మనది కాని డబ్బు పెట్టి దొంగ కాగితాలతో దొరికితే పదేళ్లు ఆ దేశం గడప తొక్కనివ్వరు. రెండు శాతం పోతే పోయింది, పిల్లవాడి పేరు మీద ఆ మచ్చ ఉంటుంది కదా. పైగా అప్పిచ్చినవాడు ఇరవై రోజులకే వచ్చి కూర్చుంటే ఏం చేస్తావు?

జర్మనీకైతే ఆ ఆట సాగనే సాగదు. డబ్బు నిజంగా అక్కడికి వెళ్లాలి, నెలకింత చొప్పున పిల్లకే రావాలి.

యూకే వాళ్లు ఎవరైనా చదువుతుంటే మా లెక్క కూడా రాస్తున్నాను. 2025 ఏప్రిల్ నుంచి వీసా ఫీజు 524 పౌండ్లు. హెల్త్ సర్‌చార్జి విద్యార్థులకు ఏడాదికి 776. మాస్టర్స్ ఏడాదే కదా అని 776 అనుకుంటారు. కోర్సు ముందూ వెనకా కలిపి వీసా ఏడాది దాటి మరికొన్ని నెలలు ఇస్తారు, దానికి ఇంకో సగం పడుతుంది. మొత్తం 1,164. రెండూ కలిపితే 1,688 పౌండ్లు, అంటే రెండు లక్షల రూపాయల దగ్గర. ఇది పూర్తిగా మొదటి గడి డబ్బు, పిల్లవాడి చేతికి ఒక్క పౌండూ రాదు. జర్మనీ వాళ్లు 75 యూరోలకే అదృష్టవంతులు. టీబీ పరీక్ష ఖర్చు వేరే.

సీఏతో నెట్‌వర్త్ సర్టిఫికెట్ చేయించమని మమ్మల్నీ అడిగారు. ఇల్లు, ప్లాటు, బంగారం విలువ కట్టి అందంగా బైండింగ్ చేసి ఇచ్చే కాగితం. యూకే స్టూడెంట్ వీసాకు అది పనికిరాదు. వాళ్లకు కావల్సింది నగదు ఒక్కటే. పనికొచ్చిన కాగితం మాత్రం మేం ఊహించనిది: బర్త్ సర్టిఫికెట్. డబ్బు నా ఖాతాలో చూపిస్తే నేను వాడి తండ్రినని రుజువు కావాలి. మా వాడి మునిసిపాలిటీ సర్టిఫికెట్‌లో పిల్లవాడి పేరు గడి ఖాళీ. పుట్టినప్పుడు పేరు పెట్టలేదు కదా, తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. పేరు చేర్పించడానికి పెద్ద డబ్బు అవ్వలేదు గానీ తిరగడం అయింది.

---

బోడుప్పల్_బ్రో | 2025 జులై 6, ఉదయం 10:31

సరే అంకుల్, ఊరికే చెప్పిన.

---

వరంగల్_పిల్ల | 2025 జులై 6, మధ్యాహ్నం 1:25

ఆంటీ, మీ కుటుంబ ఆదాయం ఏడాదికి ఐదు లక్షల లోపు ఉంటే తెలంగాణ ప్రభుత్వం ఓవర్సీస్ విద్యానిధి చూడండి. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరుతో, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ఇంకో పథకం ఉన్నాయి. ఇరవై లక్షల దాకా ఇస్తారు, జర్మనీకి కూడా.

నేను రాసేది ఇంకో కారణానికి. ఆ డబ్బును వీసా బడ్జెట్‌లో వేసుకోకండి. మొదటి విడత ఆ దేశంలో దిగి కాగితాలు పంపాకే, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక. అంటే బ్లాక్డ్ అకౌంట్ మీరే నింపాలి. మా ఇంట్లో స్కాలర్‌షిప్ వస్తుంది కదా అని ధీమాగా ఉన్న బంధువులు తీరా జులైలో వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తారు. వస్తే రెండో ఏడాదికి వాడుకోవచ్చు, లేదా అప్పు తీర్చుకోవచ్చు.

---

ఉప్పల్‌వాసి | 2025 జులై 6, సాయంత్రం 4:10

ఆదాయం హద్దు మాకు సరిపోతుందో లేదో మావారి కాగితాలు చూడాలి. అందరికీ వందనాలు.

ఇప్పుడు మా ప్లాన్ చెబుతాను. మూడు ఎఫ్‌డీల్లో రెండు కలిపితే పది లక్షలు. మిగతాది చిట్టీ ఎత్తి వేద్దామని. ఎఫ్‌డీలు మధ్యలో తీస్తే వడ్డీ పోతుంది కదా, వాటి మీదే లోన్ తీసుకుంటే మేలా? మావారు ఎఫ్‌డీ ముట్టుకోవద్దనే అంటున్నారు. ఎడ్యుకేషన్ లోన్ కూడా ఆలోచించాం గానీ ఇప్పుడు మొదలుపెడితే సమయానికి వస్తుందా?

---

పాతలెడ్జర్ | 2025 జులై 6, సాయంత్రం 5:40

అమ్మా, సార్‌కు నా మాటగా చెప్పండి. ఎఫ్‌డీ మీద లోన్ నెల రెండు నెలల ఇబ్బందికి మంచిది. లోన్ వడ్డీ ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ ఉంటుంది. డబ్బు త్వరగా తిరిగి వస్తుందంటే ఆ తేడా భరించవచ్చు. కానీ ఈ పన్నెండు లక్షలు తిరిగి మీ ఖాతాకు రావు, అక్కడ నెలనెలా ఖర్చవుతాయి. అలాంటప్పుడు లోన్ తీసుకుని ఎఫ్‌డీని కాపాడటం పేరుకే కాపాడటం. రెండేళ్లకు చూస్తే వడ్డీ మీద వడ్డీ కట్టి ఉంటారు.

ఎఫ్‌డీల్లో వడ్డీ రేటు అన్నిటికంటే తక్కువ ఉన్నది ముందు తీయండి. గడువు దగ్గర పడిన ఎఫ్‌డీ ఉంటే దాని మీద మాత్రం లోన్ తీసుకుని, గడువు రాగానే తీర్చేయండి. సాధారణంగా మధ్యలో తీస్తే ఒక శాతం దాకా కోస్తారు, బ్రాంచిలో లెక్క కట్టించుకుని చూడండి. చాలామంది అనుకున్నంత ఉండదు.

చిట్టీ విషయంలో నాకు అభ్యంతరం ఉంది. పాటలో తొందరపడితే ఎక్కువ తగ్గించి పాడాలి. ఆ నష్టం ఎఫ్‌డీ పెనాల్టీ కంటే పెద్దది కావచ్చు. చిట్టీని సెప్టెంబర్‌కు ఉంచుకోండి, టికెట్‌కూ మొదటి నెల ఖర్చులకూ.

ఎడ్యుకేషన్ లోన్ వస్తే మంచిదే. విదేశీ చదువుకు నాలుగు లక్షలు దాటితే పదిహేను శాతం మార్జిన్ మీరే పెట్టుకోవాలి. అది గుర్తుంచుకోండి. ప్రభుత్వ బ్యాంకులో తాకట్టు ఉంటే లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అని వారాలు పడుతుంది. అక్టోబర్ క్లాసులకు దాని మీదే ఆధారపడవద్దు. రెండో ఏడాది కోసం నిదానంగా పెట్టుకోండి.

---

ఆడిటర్_ఆఫీస్ | 2025 జులై 6, సాయంత్రం 6:02

లోన్ వడ్డీకి 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ 80ఈ కింద ఎనిమిదేళ్ల దాకా మినహాయింపు ఉంది. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అది. సార్ రిటైరయ్యారు కాబట్టి రేపు అమ్మాయి తీరుస్తుందంటే ఆమె పేరుతో చూసుకోవాలి.

---

కొంపల్లి_కోడలు | 2025 జులై 6, రాత్రి 9:55

వీసా రిజెక్ట్ అయితే ఈ డబ్బంతా ఏమవుతుంది? ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. మా తమ్ముడు ఏప్రిల్ నుంచి తిరుగుతున్నాడు, మా అమ్మకు అదే బెంగ.

---

అమీర్‌పేట_మాజీ | 2025 జులై 6, రాత్రి 10:40

మంచి ప్రశ్న అక్కా. బ్లాక్డ్ అకౌంట్‌లో ఉన్న డబ్బు రిజెక్షన్ లెటర్ చూపిస్తే తిరిగి ఇస్తారు. కంపెనీ ఓపెనింగ్ ఫీజు, వీసా ఫీజు మాత్రం రావు. అసలు నష్టం మారకంలో. రూపాయలిచ్చి యూరోలు కొన్నప్పుడు ఒక మార్జిన్, యూరోలు మళ్లీ రూపాయలైనప్పుడు ఇంకో మార్జిన్. రేటు పెరిగితే లాభం కూడా రావచ్చు, కానీ దాన్ని నమ్ముకోలేం.

ఒక కొత్త సంగతి అందరూ గమనించండి. ఇంతకుముందు జర్మనీ వీసా తిరస్కరిస్తే ఉచితంగా అప్పీలు రాసుకునే పద్ధతి ఉండేది. ఈ జులై 1 నుంచి దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు మళ్లీ ఫీజు కట్టి కొత్తగా దరఖాస్తు చేయాలి, లేదా బెర్లిన్‌లో కోర్టుకు వెళ్లాలి. కోర్టు మాట మనకెందుకు గానీ, రెండో దరఖాస్తు ఫీజు పక్కన పెట్టుకోండి. వీసా చేతికి రాకముందు ఫ్లైట్ టికెట్ మాత్రం కొనకండి. రీఫండ్ లేని టికెట్ కొని ఏడ్చినవాళ్లను చాలామందిని చూశాను. శంషాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు 2024 జనవరి నుంచి నేరుగా ఫ్లైట్ ఉంది, సెప్టెంబర్ చివర్లో రేటు ఎక్కువైనా వీసా వచ్చాకే కొనడం క్షేమం.

---

ఎల్బే_ఒడ్డు | 2025 జులై 7, అర్ధరాత్రి 12:15

మొదటి నెల గురించి చెప్పకపోతే ఈ థ్రెడ్ అసంపూర్తి. విమానం దిగిన రోజే 992 రాదు ఆంటీ. ముందు అడ్రస్ రిజిస్ట్రేషన్, తర్వాత ఇక్కడి బ్యాంకు ఖాతా, ఆ తర్వాతే బ్లాక్డ్ అకౌంట్ తెరుచుకుంటుంది. అక్టోబర్‌లో కొత్తవాళ్లంతా ఒకేసారి దిగుతారు, అపాయింట్‌మెంట్లు దొరకవు. ఈలోగా గది అద్దె, డిపాజిట్ కట్టాలి. చట్టం ప్రకారం డిపాజిట్ మూడు నెలల అద్దె దాటకూడదు, అందులో కరెంటు, హీటింగ్ లెక్కకు రావు. విద్యార్థి హాస్టల్లో అంత తీసుకోరు, బయట గదికి మూడు నెలలదీ అడగవచ్చు. సెమిస్టర్ ఫీజు చేరేటప్పుడే కట్టాలి. హెల్త్ ఇన్సూరెన్స్ నెలకు 140 యూరోల పైమాటే. రెసిడెన్స్ పర్మిట్ కార్డుకు 100 యూరోలు. రేడియో, టీవీ చందా అని ఇంటికి నెలకు 18.36 యూరోలు ఉత్తరం పంపి మరీ వసూలు చేస్తారు. టీవీ లేదంటే వినరు. రూమ్మేట్లతో పంచుకోవచ్చు.

నా లెక్కలో ఫారెక్స్ కార్డులో 1,300 నుంచి 1,500 యూరోలు ఉండాలి. బ్లాక్డ్ అకౌంట్‌కు అది అదనం. చేతిలో నోట్లు రెండు మూడు వందల యూరోలు చాలు.

మాగ్డెబర్గ్‌లో ట్యూషన్ లేదు కాబట్టి మీకు ఇది సరిపోతుంది. వేరే ఊళ్ల వాళ్లు జాగ్రత్త. బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో బయటి దేశాల వాళ్లకు సెమిస్టర్‌కు 1,500 యూరోలు. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది, మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు నాలుగు వేలో ఆరు వేలో. జర్మనీ అంటే ఉచితం అని చెప్పి చేర్పించే వాళ్లు ఈ ముక్క మింగేస్తారు.

సామాన్ల ఖర్చు ఎవరూ తగ్గించలేరు, తెలుసు. ఒక్క మాట. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి కట్టకండి. పాలు, మాంసంతో చేసినవి ఐరోపాలోకి తేనివ్వరు, ఎయిర్‌పోర్టులో తీసి పడేస్తారు. గోంగూర, ఆవకాయ బాగా ప్యాక్ చేయించి పంపండి, మాక్కూడా ఒక సీసా.

---

మియాపూర్_మెట్రో | 2025 జులై 7, ఉదయం 8:20

ఇంత సమాచారం ఇచ్చి చివరికి ఒక సీసా ఆవకాయకు అమ్ముడుపోయాడు.

---

ఉప్పల్‌వాసి | 2025 జులై 7, మధ్యాహ్నం 3:30

ఒకటి కాదు బాబూ, రెండు సీసాలు పంపిస్తాను.

మావారు మీ అందరి మాటలూ చదివి మెత్తబడ్డారు. ఈ వారమే మూడు ఎఫ్‌డీలు తీస్తున్నాం. ఆయన ఖాతా నుంచి ఏడు లక్షలు, నా ఖాతా నుంచి మిగతాది. చిట్టీ సెప్టెంబర్‌కు. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి అపోస్టిల్ వద్దంటే, "మీ ఇష్టం మేడమ్, తర్వాత ఇబ్బంది పడితే మమ్మల్ని అడగొద్దు" అన్నారు. జర్మనీకి ఎక్కడ అడుగుతారో రాసి పంపించమన్నాను. ఇంతవరకూ రాయలేదు.

రేపు పొద్దున బ్యాంకుకు వెళ్తున్నాం. ఇందాక ఫోన్లో క్లర్కు అమ్మాయి "కూతురికి పంపుతున్నారు కదా, బంధువుల పోషణ అని వేసేద్దాం, ఈజీగా అయిపోతుంది" అంది. అలా వేస్తే ఏమైనా తేడా ఉంటుందా?

---

పాతలెడ్జర్ | 2025 జులై 7, మధ్యాహ్నం 3:52

వద్దు, వద్దు. చాలా తేడా ఉంటుంది. విదేశాలకు డబ్బు పంపే ఏ2 ఫారంలో, దేనికి పంపుతున్నామో చెప్పే పర్పస్ కోడ్ అని ఉంటుంది. చదువు ఖర్చులకు ఎస్0305. బంధువుల పోషణకు ఎస్1301. రెండో కోడ్ వేస్తే పది లక్షలు దాటిన భాగం మీద టీసీఎస్ 5 శాతం కాదు, 20 శాతం. మీరిద్దరూ విడివిడిగా హద్దులోపే పంపుతున్నారు కాబట్టి ఇప్పుడు పడదు. కానీ వచ్చే మార్చిలోగా ఇంకేదైనా పంపాల్సి వచ్చి హద్దు దాటితే అప్పుడు తెలుస్తుంది. ఇదే మొత్తం ఒకే పాన్ మీద ఆ కోడ్‌తో వెళ్తే 10,710 కట్టాల్సిన చోట 42,842 కోస్తారు.

అడ్మిషన్ లెటర్, పాస్‌పోర్టు కాపీ, బ్లాక్డ్ అకౌంట్ కంపెనీ పంపిన వివరాల మెయిల్ ప్రింటు తీసుకెళ్లండి. ఎస్0305 అని మీరే పెన్నుతో రాయండి. కౌంటర్ వాళ్లు కొత్తవాళ్లయితే లోపల ఫారెక్స్ చూసే ఆఫీసర్‌ను అడగండి. పొద్దున పదకొండు లోపు వెళ్తే ఆ రోజు రేటు మీద బేరమాడే టైముంటుంది.

---

ఉప్పల్‌వాసి | 2025 జులై 8, మధ్యాహ్నం 1:05

అయిపోయింది. ఆఫీసర్‌గారు రేటు మొదట 102.40 చెప్పారు. పక్క బ్యాంకు వాళ్లు చెప్పింది కాగితం మీద రాసుకెళ్లాను, చూపిస్తే 101.55 చేశారు. ఎస్0305 వేశారు. చార్జీల గడి మావారే టిక్ పెట్టారు, ఇంకెవర్నీ పెట్టనివ్వలేదు.

---

ఎల్బే_ఒడ్డు | 2025 జులై 8, మధ్యాహ్నం 1:40

సూపర్ ఆంటీ. స్విఫ్ట్ కాపీ (డబ్బు పంపినట్టు బ్యాంకు ఇచ్చే రుజువు) రెండు ట్రాన్స్‌ఫర్లకూ విడివిడిగా అడిగి తీసుకోండి. డబ్బు పడటం లేటైతే కంపెనీ వాళ్లు మొదట అడిగేది అదే.